క్యాపిటల్ భద్రతా వైఫల్యము (2021) - పోలీసుల జవాబుదారీతనము

అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజధాని వాషింగ్టన్ నగరములో ఆ దేశపు చట్టసభ అయిన కాంగ్రెసు సమావేశమయ్యే భవనమును క్యాపిటల్ అంటారు. 2021 జనవరి 6న వేలాదిమంది గుంపు ఈ భవనముపై దాడి చేసి లోపలికి ప్రవేశించినది. ఆ రోజు భవనమునకు కాపలా కాయవలసిన పోలీసు దళము ఎందుకు విఫలమైనది, ఆ వైఫల్యమునకు ఎవరు బాధ్యత వహించినారు, ఎవరికి శిక్ష పడినది, ఎవరు తప్పించుకున్నారు అనే విషయములు ఈ వ్యాసములో వివరించబడినవి. దాడి యొక్క రాజకీయ కారణములు, దాడి చేసినవారిపై జరిగిన కేసులు అవసరమైనంత వరకే ఇక్కడ ప్రస్తావించబడినవి.

క్యాపిటల్ అనే పేరునకు రాజధాని అని అర్థము కాదు. రాజధానికి వాడే ఆంగ్ల పదము తెలుగులో వ్రాసినప్పుడు ఇదే విధముగా కనిపించుట వలన పత్రికలలో అప్పుడప్పుడు పొరపాటు జరుగుతున్నది. భవనము పేరు ప్రాచీన రోము నగరములోని ఒక కొండ పేరు నుండి వచ్చినది.

కాపలా ఎవరిది

క్యాపిటల్ భవనమునకు దాని స్వంత పోలీసు దళము కలదు. దాని పేరు యునైటెడ్ స్టేట్స్ క్యాపిటల్ పోలీసు. ఇది అధ్యక్షుని క్రింద గాని, నగర మేయరు క్రింద గాని పనిచేయదు, నేరుగా కాంగ్రెసునకు చెందినది. 1828లో అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ కుమారుడు తండ్రి పంపిన సందేశమును కాంగ్రెసునకు తీసుకొని రాగా, భవనములోని గుండ్రని మందిరములో అతనిపై ఒక వ్యక్తి చేయిచేసుకొన్నాడు. ఆ ఏడాదే కాంగ్రెసు తనకు స్వంత కాపలా దళము ఏర్పాటు చేసుకొన్నది. అనగా ఈ దళము పుట్టుకకే ఒక భద్రతా లోపము కారణము.

2021 నాటికి ఈ దళములో దాదాపు 2,000 మంది ఉద్యోగులు, 50 కోట్ల డాలర్లకు మించిన వార్షిక బడ్జెటు ఉన్నవి. కాపాడవలసిన ప్రాంతము చిన్నదే కనుక, ఆ దేశములోని ఒక పెద్ద నగరపు పోలీసు దళముతో పోల్చదగిన వనరులు దీనికి ఉన్నవని చెప్పవచ్చును. కనుక ఆనాటి వైఫల్యమును డబ్బు కొరతగా వివరించుట కష్టము.

దళమునకు ఒక అధిపతి ఉంటాడు. కాని అతనిపైన క్యాపిటల్ పోలీసు బోర్డు ఉన్నది. ఇందులో ఓటు హక్కు గలవారు ముగ్గురు: ప్రతినిధుల సభ సార్జెంట్ ఎట్ ఆర్మ్స్, సెనేటు సార్జెంట్ ఎట్ ఆర్మ్స్, భవన నిర్వహణ చూసే ఆర్కిటెక్టు. మన శాసనసభలలో మార్షల్ అనే అధికారి ఉన్నట్లే అక్కడ సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ ఉంటాడు, కాని అతని అధికారములు చాలా ఎక్కువ. పోలీసు అధిపతి బోర్డులో కూర్చుంటాడు గాని అతనికి ఓటు లేదు. ఆనాటి నియమముల ప్రకారము నేషనల్ గార్డు సైనికుల సహాయము కావలెనన్నను బోర్డు అనుమతి తప్పనిసరి. తరువాత జరిగిన వాదప్రతివాదములన్నీ ఈ ఏర్పాటు చుట్టూనే తిరిగినవి.

ఆ రోజు

2020 నవంబరు ఎన్నికలలో జో బైడెన్ గెలిచినట్లు ధ్రువీకరించుటకు 2021 జనవరి 6న ఉభయ సభలు సమావేశమైనవి. అదే సమయములో, ఓడిపోయిన అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంపు శ్వేతసౌధము సమీపమున తన మద్దతుదారుల సభలో ప్రసంగించినాడు. ఆ ప్రసంగము ముగియక ముందే, మధ్యాహ్నము 12:53కు క్యాపిటల్ పడమటి వైపున మొదటి కంచె కూలినది. అక్కడ కాపలా ఉన్నది గుప్పెడుమంది పోలీసులు, వారి చేతుల్లో అడ్డుగా ఉన్నవి సైకిళ్ళు నిలుపుకొనుటకు వాడే ఇనుప కటకటాల వంటివి. 2:12 ప్రాంతములో కిటికీ పగులగొట్టి మొదటి వ్యక్తులు లోనికి దూకినారు. సెనేటు సమావేశము వెంటనే ఆగిపోయినది. ఉపాధ్యక్షుడు మైక్ పెన్సును భద్రతా సిబ్బంది బయటకు తీసుకొని పోయినారు. 2:44కు ప్రతినిధుల సభ ప్రాంగణములో, తలుపు అద్దము గుండా దూరబోయిన ఒక మహిళను పోలీసు అధికారి కాల్చగా ఆమె మరణించినది.

క్యాపిటల్ పోలీసులకు తోడుగా నగర పోలీసులు సుమారు 850 మంది వచ్చి పడమటి మెట్ల వద్ద, దిగువ సొరంగ ద్వారము వద్ద గంటల తరబడి పెనుగులాడినారు. నేషనల్ గార్డు సైనికులు సాయంత్రము 5 గంటలు దాటిన తరువాత గాని చేరలేదు. రాత్రి 8 గంటలకు భవనము సురక్షితమని ప్రకటించినారు. కాంగ్రెసు తిరిగి సమావేశమై తెల్లవారుజామున 3:40 ప్రాంతములో ఓట్ల లెక్కింపు పూర్తి చేసినది.

సుమారు 140 మంది పోలీసులపై దాడి జరిగినది. క్యాపిటల్ పోలీసు అధికారి బ్రయన్ సిక్నిక్ మరునాడు మరణించినాడు. అది పక్షవాతము వలన కలిగిన సహజ మరణమని 2021 ఏప్రిల్లో వైద్య పరీక్షకుడు తేల్చినాడు, ఆ రోజు జరిగినదంతా అతని స్థితిపై ప్రభావము చూపినదని కూడా అన్నాడు. ఆనాడు విధులలో ఉన్న మరి నలుగురు పోలీసులు తరువాతి నెలలలో ఆత్మహత్య చేసుకొన్నారు. జవాబుదారీతనము గురించి మాట్లాడునప్పుడు ఈ సంగతి మరువరాదు. మెట్ల మీద దెబ్బలు తిన్నవారు వేరు, వారిని ఆ స్థితిలో నిలబెట్టినవారు వేరు.

తెలిసీ తెలియని హెచ్చరికలు

ముందుగా సమాచారము లేదని మొదట అధికారులు చెప్పినారు. అది నిలువలేదు. జనవరి 3న క్యాపిటల్ పోలీసుల స్వంత నిఘా విభాగము తయారు చేసిన నివేదికలో, గతములో జరిగిన నిరసనలకు భిన్నముగా ఈసారి కాంగ్రెసే లక్ష్యమని స్పష్టముగా వ్రాయబడినది. అయితే ఆ వాక్యము పలు పుటల నివేదికలో చివరి భాగమున ఉన్నది. అదే విభాగము విడుదల చేసిన దినసరి నివేదికలలో మాత్రము అరెస్టులు, అల్లర్లు జరిగే అవకాశము అతి తక్కువ అని సూచించబడినది. ఒకే విభాగము నుండి రెండు విరుద్ధమైన అంచనాలు వెలువడినప్పుడు, క్రింది అధికారికి చేరినది సులభమైన రెండవదే.

జనవరి 5 సాయంత్రము వర్జీనియా రాష్ట్రములోని నార్ఫోక్ ఎఫ్.బి.ఐ. కార్యాలయము మరొక హెచ్చరిక పంపినది. కొందరు యుద్ధమునకు సిద్ధమై వాషింగ్టన్ వస్తున్నారని అంతర్జాలములో వ్రాసుకొనుచున్న విషయము అందులో ఉన్నది. అది క్యాపిటల్ పోలీసు నిఘా విభాగములోని ఒక సార్జెంటు వరకు చేరినది. దళాధిపతి స్టీవెన్ సండ్ అది తనకు ఎన్నడును అందలేదని చెప్పినాడు. హెచ్చరిక పంపినామని ఎఫ్.బి.ఐ., మెయిలు చూడలేదని పోలీసు అధిపతి చెప్పుకొనవచ్చును, ఇద్దరి మాటలూ నిజమే కావచ్చును.

ఎఫ్.బి.ఐ. బాధ్యత గురించి తరువాత 2024 డిసెంబరులో న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక వెలువడినది. తన ప్రాంతీయ కార్యాలయములన్నిటి నుండి సమాచారము సేకరించుట అనే ప్రాథమిక పనిని ఎఫ్.బి.ఐ. చేయలేదని అందులో తేలినది. ఆ రోజు నగరములో ఎఫ్.బి.ఐ. వేగులు 26 మంది ఉన్నారని, వారిలో ఎవరికీ భవనములో ప్రవేశించుటకు గాని, చట్టవిరుద్ధ చర్యలను ప్రోత్సహించుటకు గాని అనుమతి లేదని కూడా ఆ నివేదిక పేర్కొన్నది.

రాజీనామాలు

మొదటి చర్యలు 24 గంటలలోనే జరిగినవి. జనవరి 7న ప్రతినిధుల సభ స్పీకరు నాన్సీ పెలోసి బహిరంగముగా సండ్ రాజీనామా కోరినది. అతడు అదే రోజు రాజీనామా ప్రకటించినాడు. ప్రతినిధుల సభ సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ పాల్ అర్వింగ్, సెనేటు సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ మైకేల్ స్టెంగర్ కూడా పదవులు వదిలినారు. అంటే బోర్డులోని ముగ్గురు ఓటుదారులలో ఇద్దరు, పోలీసు అధిపతి ఒకే రోజు తప్పుకొన్నారు. విచారణ జరుగక ముందే రాజీనామాలు జరుగుట వలన, ఎవరి తప్పు ఎంత అనే ప్రశ్న తేలకుండానే ముగ్గురూ మాజీలైనారు.

ఫిబ్రవరి 23న ఈ ముగ్గురు, నగర పోలీసు తాత్కాలిక అధిపతి రాబర్ట్ కాంటీ సెనేటు కమిటీల ఎదుట సాక్ష్యము చెప్పినారు. జనవరి 4న తాను నేషనల్ గార్డును కోరినానని, సైనికులు కనిపించుట చూచుటకు బాగుండదని అర్వింగ్ అన్నాడని సండ్ చెప్పినాడు. తాను అట్లు అనలేదని, గార్డు ఇవ్వజూపిన 125 మంది గురించి చర్చ మాత్రమే జరిగినదని, అందుబాటులో ఉన్న నిఘా సమాచారము ప్రకారము వారు అవసరము లేదని అందరము కలిసి నిర్ణయించినామని అర్వింగ్ చెప్పినాడు. దాడి రోజున మధ్యాహ్నము 1:09కు సహాయము అడిగినానని సండ్ అనగా, తన ఫోనులో ఆ సమయమునకు కాల్ లేదని, 2 గంటల తరువాతనే కచ్చితమైన విజ్ఞప్తి అందినదని అర్వింగ్ బదులిచ్చినాడు. ఒక గంట తేడా గురించి ఇంత వాదన ఎందుకని అనిపించవచ్చును. కాని గుంపు భవనములో అడుగు పెట్టినది సరిగ్గా ఆ గంటలోనే.

సైన్యము వైపు ఆలస్యము గురించి కూడా వివాదము ఉన్నది. రక్షణశాఖ తాత్కాలిక మంత్రి క్రిస్టఫర్ మిల్లర్ 3:04కు గార్డు సమీకరణకు అనుమతించినట్లు రికార్డులు చెప్పుచున్నవి. బయలుదేరుటకు అనుమతి తనకు 5:08కు గాని అందలేదని వాషింగ్టన్ గార్డు కమాండరు విలియమ్ వాకర్ సాక్ష్యమిచ్చినాడు. రక్షణశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2021 నవంబరులో ఆ శాఖ చర్యలు సమంజసమేనని తేల్చగా, వాకర్ ఆ నివేదికను బహిరంగముగా ఖండించినాడు.

క్రింది స్థాయి అధికారులపై విచారణ

సండ్ స్థానములో యోగానంద పిట్‌మన్ తాత్కాలిక అధిపతిగా నియమితురాలైనది. పేరు భారతీయముగా ఉన్నను ఆమె ఆఫ్రికన్ అమెరికన్, ఆ పదవి నిర్వహించిన మొదటి మహిళ. జనవరి 26న ఆమె కాంగ్రెసు కమిటీ ఎదుట దళము తరఫున క్షమాపణ చెప్పినది. కాని దాడికి ముందు నిఘా విభాగమును పర్యవేక్షించినది ఆమెయే. ఫిబ్రవరిలో పోలీసు సిబ్బంది సంఘము జరిపిన ఓటింగులో పాల్గొన్నవారిలో 92 శాతము మంది ఆమెపై అవిశ్వాసము ప్రకటించినారు. అయినను ఆమె జూలై వరకు కొనసాగినది. అప్పుడు టామ్ మేంజర్ పూర్తికాలపు అధిపతిగా వచ్చినాడు.

దాడి దృశ్యములలో కొందరు పోలీసులు గుంపుతో ఫోటోలు దిగినట్లు, కంచెలు తొలగించినట్లు కనిపించుట వలన పెద్ద దుమారము రేగినది. పోలీసులే తలుపులు తెరిచినారనే మాట అప్పటి నుండి ప్రచారములో ఉన్నది. 2021 ఫిబ్రవరిలో ఆరుగురు అధికారులను జీతముతో సస్పెండు చేసి, మరి 29 మందిపై విచారణ ప్రారంభించినారు. సెప్టెంబరులో దళము వెల్లడించిన ఫలితముల ప్రకారము మొత్తము 38 విచారణలు జరుగగా 20 కేసులలో ఏ తప్పూ కనిపించలేదు. ఆరు కేసులలో క్రమశిక్షణ చర్యలు సిఫార్సు చేసినారు. వాటిలో మూడు ఉద్యోగమునకు తగని ప్రవర్తనకు సంబంధించినవి, మిగిలినవి ఆదేశములు పాటించకపోవుట, అనుచిత వ్యాఖ్యలు, సమాచారమును బయటపెట్టుట అనే ఆరోపణలు. వీరిలో ఎవరిపైనను క్రిమినలు కేసు పెట్టుటకు తగిన ఆధారములు లేవని ప్రభుత్వ న్యాయవాదులు అభిప్రాయపడినారు.

తరువాత వేరొక కేసు బయటపడినది. పాతికేళ్ళ అనుభవము గల ఒక క్యాపిటల్ పోలీసు అధికారి, దాడిలో పాల్గొన్న ఒక పరిచయస్థునికి ఫేస్‌బుక్‌లో సందేశము పంపి, భవనములో ఉన్నట్లు తెలిపే పోస్టులను తీసివేయమని సలహా ఇచ్చినాడు. 2022 అక్టోబరులో జ్యూరీ అతనిని న్యాయ ప్రక్రియకు ఆటంకము కలిగించిన ఒక అభియోగములో దోషిగా తేల్చినది, రెండవ దానిపై ఏకాభిప్రాయము కుదరలేదు. 2023లో అతనికి రెండేళ్ళ ప్రొబేషను, 120 రోజుల గృహ నిర్బంధము విధించినారు.

నగర పోలీసు నిఘా విభాగమునకు నాయకత్వము వహించిన ఒక లెఫ్టినెంటుది ఇంతకన్న తీవ్రమైన కేసు. ప్రౌడ్ బాయ్స్ అనే తీవ్రవాద సంస్థ నాయకునికి పోలీసుల రహస్య సమాచారము అందించి, విచారణలో అబద్ధము చెప్పినాడని అతనిపై అభియోగము. 2024 డిసెంబరులో దోషిగా తేలి, 2025 జూన్‌లో 18 నెలల జైలు శిక్ష పొందినాడు. ఇతర నగరముల నుండి సెలవుపై వచ్చి గుంపులో చేరిన పోలీసులు కూడా ఉన్నారు. సియాటిల్ నగర పోలీసు దళము అటువంటి ఇద్దరిని 2021 ఆగస్టులో ఉద్యోగము నుండి తొలగించినది.

పరిశీలించి చూచినచో, ఈ శిక్షలన్నీ గుంపుతో కుమ్మక్కైన లేక వారికి సహాయపడిన వ్యక్తులకు పడినవి. ప్రణాళిక లేకపోవుట, హెచ్చరికను పట్టించుకొనకపోవుట అనే తప్పులకు రాజీనామాను మించిన ఫలితము ఎవరికీ కలుగలేదు.

ఇన్‌స్పెక్టర్ జనరల్ కనుగొన్నవి

క్యాపిటల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ మైకేల్ బోల్టన్ వరుసగా పలు నివేదికలు సమర్పించి, 100కు పైగా సిఫార్సులు చేసినాడు. ఏప్రిల్ 15న కాంగ్రెసు కమిటీ ఎదుట అతడు చెప్పిన వివరములు చాలామందిని ఆశ్చర్యపరచినవి. అల్లర్లను అదుపు చేసే విభాగమునకు ఇచ్చిన రక్షణ డాళ్ళు తగిన ఉష్ణోగ్రత లేని చోట నిల్వ చేయుట వలన పెళుసుబారి, దెబ్బ తగలగానే పగిలిపోయినవి. ఒక పటాలము డాళ్ళు బస్సులో ఉండగా బస్సు తలుపునకు తాళము వేసి ఉన్నది, ఆ పటాలము డాళ్ళు లేకుండానే గుంపును ఎదుర్కొన్నది. కొన్ని ఆయుధముల గడువు తీరిపోయినది. గుంపును చెదరగొట్టుటకు వాడే బలమైన ప్రాణాపాయము లేని సాధనములను ఉపయోగించరాదని పై అధికారులు ముందే ఆదేశించినారు.

2021 జూన్ 8న సెనేటు కమిటీలు ఉభయ పార్టీల సమ్మతితో ఒక నివేదిక వెలువరించినవి. దాడి జరుగుచుండగా రేడియోలో పై అధికారుల నుండి ఆదేశములు వినిపించలేదని పలువురు పోలీసులు చెప్పిన మాటలు అందులో ఉన్నవి. విశ్రాంత జనరల్ రస్సెల్ ఆనరే నాయకత్వములోని సమీక్ష దళములో 854 కొత్త ఉద్యోగములు సృష్టించవలెనని సూచించినది. ప్రతినిధుల సభ ప్రత్యేక కమిటీ 2022 డిసెంబరులో ఇచ్చిన తుది నివేదికలో ప్రధాన బాధ్యత ట్రంపుపై మోపి, భద్రతా లోపములను అనుబంధములలో చేర్చినది. పోలీసు నాయకత్వ వైఫల్యమును ఈ కమిటీ చిన్నది చేసినదని రిపబ్లికన్ పార్టీ వారు విమర్శించి, 2024 డిసెంబరులో తమ ఉపసంఘము ద్వారా వేరే నివేదిక ప్రకటించినారు. పోలీసుల తప్పులు ఎత్తిచూపుట గుంపును సమర్థించుటయే అని ఒక పక్షము, గుంపును నిందించుట పోలీసు అధికారులను కాపాడుటయే అని మరొక పక్షము భావించుట ఈ చర్చకు పట్టిన దురదృష్టము. రెండు బాధ్యతలు ఒకదానినొకటి రద్దు చేయవు.

న్యాయస్థానములు, సమాచార హక్కు

భద్రత కల్పించలేదని పోలీసులపై కోర్టుకు వెళ్ళుట అమెరికాలో కష్టము. 1981లో వారెన్ కేసులో వాషింగ్టన్ నగర అప్పీలు కోర్టు, పోలీసుల రక్షణ బాధ్యత మొత్తము ప్రజల పట్ల ఉన్నదే గాని ప్రత్యేకముగా ఒక వ్యక్తి పట్ల లేదని తీర్పు చెప్పినది. 1989లో డీషేనీ కేసులో సుప్రీం కోర్టు కూడా, ప్రైవేటు వ్యక్తుల హింస నుండి పౌరుని కాపాడుట రాజ్యాంగము విధించిన బాధ్యత కాదన్నది. కనుక గాయపడిన పోలీసులు వేసిన దావాలు ప్రధానముగా ట్రంపుపై, దాడి చేసిన సంస్థలపై నడిచినవి.

సమాచారము పొందుటలో ఇంకొక అడ్డంకి ఉన్నది. అమెరికా సమాచార స్వేచ్ఛా చట్టము కార్యనిర్వాహక శాఖకే వర్తించును, క్యాపిటల్ పోలీసు చట్టసభకు చెందినది కావున దాని పరిధిలోనికి రాదు. సాధారణ నగర పోలీసుల నుండి పౌరుడు కోరగలిగిన పత్రములను ఈ దళము నుండి కోరుటకు వీలులేదు. బోల్టన్ నివేదికలు కూడా మొదట కాంగ్రెసు సభ్యులకే అందినవి. ప్రజాధనముతో నడిచే ఇంత పెద్ద దళమునకు ఈ మినహాయింపు ఉండుట పౌరహక్కుల సంఘములు చాలాకాలముగా ఆక్షేపించుచున్న విషయము.

మార్పులు

2021 జూలై 30న 210 కోట్ల డాలర్ల అత్యవసర నిధుల చట్టముపై అధ్యక్షుడు బైడెన్ సంతకము చేసినాడు. క్యాపిటల్ ప్రాంగణము కిటికీలు, తలుపులు పటిష్ఠము చేయుటకు 30 కోట్లు, నేషనల్ గార్డు ఖర్చులకు 52 కోట్లు, క్యాపిటల్ పోలీసులకు 7 కోట్ల పైచిలుకు డాలర్లు అందులో కేటాయించబడినవి. అదే ఏడాది డిసెంబరు 22న మరొక చట్టము వచ్చినది. దాని ప్రకారము అత్యవసర పరిస్థితిలో పోలీసు అధిపతి బోర్డు అనుమతి కోసము వేచియుండక స్వయముగా నేషనల్ గార్డును కోరవచ్చును. వ్యక్తులను మార్చుట కన్న ఈ చిన్న సవరణయే ఎక్కువ ఫలితము గలదని చెప్పవచ్చును. పాత నియమము ఉన్నచో ఎంతటి సమర్థుడైన అధిపతియైనను ఆ మధ్యాహ్నము ఫోను పట్టుకొని అనుమతి కోసము ఎదురుచూడవలసినదే.

భారతదేశములో

భారత పార్లమెంటుపై 2001 డిసెంబరు 13న ఐదుగురు ఉగ్రవాదులు దాడి చేసినారు. భద్రతా సిబ్బంది ప్రాణాలొడ్డి వారిని భవనములోనికి రానీయలేదు. సరిగ్గా 22 ఏళ్ళకు, 2023 డిసెంబరు 13న, ఇద్దరు యువకులు సందర్శకుల గ్యాలరీ నుండి లోక్‌సభలోనికి దూకి రంగు పొగ గొట్టములు విడిచినారు. ఎవరికీ ప్రాణాపాయము కలుగలేదు. మరునాడే లోక్‌సభ సచివాలయము ఎనిమిదిమంది భద్రతా సిబ్బందిని సస్పెండు చేసినది. సి.ఆర్.పి.ఎఫ్. అధిపతి అనీశ్ దయాళ్ సింగ్ నాయకత్వములో విచారణ కమిటీ ఏర్పడినది. హోం మంత్రి సభలో ప్రకటన చేయవలెనని పట్టుబట్టిన ప్రతిపక్ష సభ్యులను ఉభయ సభల నుండి పెద్ద సంఖ్యలో సస్పెండు చేయగా, ఆ సమావేశములలో సస్పెండైన ఎంపీల మొత్తము 146కు చేరినది. భద్రతా లోపమునకు సస్పెండైన సిబ్బంది కన్న, దాని గురించి అడిగి సస్పెండైన సభ్యుల సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ. 2024 మే నెలలో పార్లమెంటు భద్రతా బాధ్యతను సి.ఐ.ఎస్.ఎఫ్. స్వీకరించినది.

తరువాతి పరిణామములు

2025 జనవరి 20న రెండవసారి అధ్యక్షుడైన ట్రంపు, దాడి కేసులలోని దాదాపు 1,500 మందికి క్షమాభిక్ష ప్రసాదించి, మరి 14 మంది శిక్షలు తగ్గించినాడు. పోలీసులను కొట్టినట్లు నేరము ఒప్పుకొన్నవారు కూడా వీరిలో ఉన్నారు. సండ్ 2023లో తన వాదనను పుస్తకముగా ప్రచురించినాడు. స్టెంగర్ 2022 జూన్‌లో మరణించినాడు.

ఆ రోజు భవనమును కాపాడిన పోలీసుల గౌరవార్థము క్యాపిటల్ పడమటి ముఖద్వారము వద్ద ఫలకము ఏర్పాటు చేయవలెనని 2022 మార్చిలో కాంగ్రెసు చట్టము చేసినది. అందుకు ఒక ఏడాది గడువు విధించినది. 2023 మార్చిలో గడువు ముగియునాటికి ఫలకము పెట్టలేదు. 2025 జూన్‌లో, ఆనాడు విధులు నిర్వహించిన ఇద్దరు అధికారులు, హ్యారీ డన్, డేనియల్ హాడ్జెస్, ఆ ఫలకమును పెట్టించవలెనని కోరుచు న్యాయస్థానమును ఆశ్రయించినారు.